పిస్తా పెట్టి వెళ్ళిపో: దత్తతకొచ్చిన ఒక ఆఫ్రికన్ గ్రే కేసు

నేను హైదరాబాద్‌లో పక్షుల్ని, చిన్న జంతువుల్ని చూసే వెటర్నరీ డాక్టర్ని. నా దగ్గరికి చిలకలు చాలామటుకు "కరుస్తోంది సార్" అనే కంప్లైంట్‌తోనే వస్తాయి, వేరే ఇంటి నుంచి చేతులు మారి వచ్చిన పక్షులైతే మరీనూ. అలాంటివి ఎన్నో చూసినా ఈ ఒక్కటి రాయాలనిపించడానికి కారణం ఉంది. ఇంట్లో అందరూ కలిసి "దీనికి ఈమె అంటే అస్సలు పడదు" అని తేల్చేసిన మనిషి దగ్గరే చిలక అందరికన్నా ముందు కుదురుకుంది. అది ఎలా జరిగిందో విడదీసి చూస్తే, భయపడే పక్షి దగ్గర మనం పెట్టే తిండి కన్నా మనం వదిలే దూరం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. ఇంటివాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశా, చిలకని మిట్టు అందాం.

ముందు సంగతి

మిట్టు కాంగో ఆఫ్రికన్ గ్రే, బూడిదరంగు ఒళ్ళు, ఎర్రతోక, వయసు ఆరేళ్ళ పైమాట. పెంచినవాళ్ళు కుటుంబంతో సహా విదేశం వెళ్ళిపోతూ తెలిసినవాళ్ళ ద్వారా ఈ ఇంటికి ఇచ్చేశారు. కొత్త ఇల్లు మణికొండ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్లో పై అంతస్తు ఫ్లాట్. ఉండేది నలుగురు: సాఫ్ట్‌వేర్ సార్, మేడమ్, ఇంటర్ చదివే బాబు, సార్ వాళ్ళ అమ్మగారు. చిలక కావాలన్నది సార్ ఒక్కడే. మేడమ్‌కి చిన్నప్పట్నుంచి ముక్కున్న ఏ పక్షన్నా భయం, కోడిపిల్లని కూడా పట్టుకోదట.

సార్ అలెక్స్ అభిమాని. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే సైంటిస్టు 1977 నుంచి, అది చనిపోయిన 2007 దాకా, అలెక్స్ అనే గ్రేతో పనిచేసి దానికి రంగులు, ఆకారాలు, అంకెలు నేర్పింది, ఆ వీడియోలు చూసి ఈయన మురిసిపోయాడు. అలెక్స్ పక్కన రోజూ గంటల తరబడి మనుషులు కూర్చుని అదే పని చేసేవాళ్ళన్న సంగతి మాత్రం వీడియో చూసేవాళ్ళెవరికీ గుర్తుండదు.

ముందు కాయితాలు అడిగా, ఎవరొచ్చినా అడుగుతా. మన పచ్చ రామచిలకని ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఎక్కడ కొన్నా, ఎవరిచ్చినా. గ్రే విదేశీ పక్షి కాబట్టి దాని లెక్క వేరు, అయినా 2017 నుంచి అది సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) మొదటి అపెండిక్స్‌లో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది, 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ అయి ఉండాలి, చేతులు మారితే అదీ ఎక్కించాలి. వీళ్ళది పాత ఓనర్ పేరు మీదే ఉండిపోయింది, ఆ పని ముందు మొదలుపెట్టించా.

తెచ్చిన సమస్య

చేయి పంజరం వైపు వస్తే చాలు గుర్రుమంటుంది. గ్రేల గుర్రు ఎప్పుడూ విననివాళ్ళకి అది పక్షి గొంతంటే నమ్మబుద్ధి కాదు. ఇంకా దగ్గరికెళ్తే వెనక చువ్వలకేసి కొట్టుకుంటుంది, తోక ఈకల చివర్లన్నీ చీలిపోయి పీచులా ఉన్నాయి. సార్‌ని బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య కండ పట్టి కరిచింది, ఆయన టీటీ వేయించుకున్నాడు. మనుషులు గదిలో ఉంటే గిన్నె ముట్టదు. ఛాతీ మీద ఈకలు తనే కొరికేసుకుంటోంది.

ఇంటివాళ్ళని అన్నిటికన్నా బాధపెట్టింది వేరే. రాత్రి లైట్లు ఆపేసి అందరూ గదుల్లోకి వెళ్ళాక హాల్లోంచి కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, తర్వాత వీళ్ళది కాని కాలింగ్ బెల్, ఆ తర్వాత పాత ఇంటి ఆవిడ గొంతుతో "రా బంగారం, రా" అని. మాటలొచ్చు, మాతో మాట్లాడదు అని సార్ దిగులు. నాకు మాత్రం అది మంచి కబురే. ఎవరూ లేనప్పుడు నోరు విప్పుతోందంటే పక్షి లోపల బాగానే ఉంది, మనుషులు కనిపించినంతసేపూ కాపలా కాస్తూ కూర్చుంటోంది అంతే.

మేడమ్ మాత్రం తేల్చేసింది: "అది నా మొఖం చూస్తెనే గుర్రుమంటది డాక్టర్ గారు. పొద్దున వీళ్ళంత పోయినంక చూడాలె మీరు, పిచ్చి లేసినట్టు చేస్తది. నేనంటె దానికి పడదు." బాబు కూడా అవునన్నాడు, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడే ఎక్కువట. ఈ "పొద్దున అందరూ వెళ్ళాక" అనే ముక్క రాసుకున్నా.

నా దగ్గరికి రాకముందు వాళ్ళు చేసినవి

యూట్యూబ్ చూసి నాలుగైదు పద్ధతులు పట్టారు. ఒకటి, తోలు గ్లవ్ వేసుకుని చేయి పంజరంలో పెట్టి అలాగే ఉంచడం, కరిచి కరిచి అదే ఊరుకుంటుందని. అది ఊరుకుంది కూడా, ఒక మూల ఈకలన్నీ ఒంటికి అంటించుకుని కదలకుండా నిలబడిపోయింది. సార్ దాన్ని "అలవాటైంది" అనుకున్నాడు. తప్పించుకునే దారి లేదని తెలిశాక జంతువు కదలడం మానేస్తుంది, బయటికి ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది, మర్నాడు గ్లవ్ లేని చేయి పెట్టగానే అసలు సంగతి బయటపడింది. ఆ టీటీ ఇంజెక్షన్ ఆ రోజుదే.

రెండోది ఆకలి. గిన్నె తీసేసి చేతిలోంచి తింటేనే తిండి అన్నారు. చిలకల ఒంట్లో నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ, పూట తప్పితే బరువు చకచకా పడిపోతుంది, పైగా జబ్బుని చివరిదాకా దాచుకునే జాతి. ఇది ఎవరు చెప్పినా వినొద్దు. మూడోది, అరిస్తే పంజరం మీద దుప్పటి కప్పడం. నాలుగోది, "మాకు అలవాటు పడాలి కదా" అని పంజరాన్ని హాల్లో సరిగ్గా మధ్యలో, టీవీకీ బాల్కనీ గ్లాస్ డోర్‌కీ నడుమ పెట్టడం. నాలుగు వైపుల నుంచీ మనుషులు తిరుగుతుంటారు, వీపు ఆనించుకోడానికి ఒక్క గోడ లేదు. పైన సీలింగ్ ఫ్యాన్.

వాళ్ళని తప్పుపట్టలేదు, ప్రేమతో చేసినవే. కానీ అన్నిట్లోనూ ఒకటే ఉంది చూడండి: పక్షి వద్దంటోంది, మనిషి ఇంకో అడుగు ముందుకేస్తున్నాడు. ఈక బిగించినా, మెడ సాచినా, గుర్రుమన్నా ఎవరూ ఆగనప్పుడు దానికి మిగిలింది ముక్కే.

ముందు ఒళ్ళు చూడాలి, అదెలా?

ఇక్కడ నాకు ఒక చిక్కు. ఈకలు కొరుక్కునే పక్షికి జబ్బేమీ లేదని తేలకుండా బిహేవియర్ పని మొదలుపెట్టకూడదు. కానీ రక్తం తీయాలంటే టవల్‌తో పట్టుకోవాలి, చేతులంటే చచ్చేంత భయమున్న పక్షిని ఇంకోసారి పట్టుకోవడం అంటే ఉన్న భయానికి ఇంకొంచెం కలపడం. వదిలేద్దామా, కొన్నాళ్ళు ఆగి చేద్దామా అని ఆలోచించి ఒక్కసారే, అన్నీ కలిపి, నా క్లినిక్‌లోనే చేయాలని నిర్ణయించుకున్నా. ఇంటివాళ్ళని బయట కూర్చోబెట్టా, లైటు తగ్గించా. పట్టుకున్న చేతులు నావి కావాలి, చోటు వాళ్ళ ఇల్లు కాకూడదు. నన్ను అది జీవితాంతం తిట్టుకున్నా పర్వాలేదు, వాళ్ళతో బతకాలి.

ఇంకో కారణం కూడా ఉంది, ఇంట్లో పెద్దావిడ. చిలకల నుంచి మనుషులకి అంటుకునే సిటకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది, దాని టెస్టు చేయకుండా పక్షిని హాల్లో పెట్టుకోమని చెప్పలేను. అదీ, చిలకల ముక్కునీ ఈకల్నీ పాడుచేసే వైరస్ టెస్టూ నెగెటివ్ వచ్చాయి. బరువు 390 గ్రాములు, ఛాతీ ఎముక అంచు వేలికి తగులుతోంది. కాల్షియం నార్మల్‌లో అట్టడుగున. గ్రేలకి ఇది పాత జబ్బే, మరీ పడిపోతే వణుకు, ఫిట్స్ దాకా పోతుంది. అంతకుముందు తిన్నది పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు, చాయ్‌లో ముంచిన బిస్కెట్. గింజల్లో కొవ్వు తప్ప కాల్షియం, విటమిన్ ఎ ఎక్కడివి. రెండు రెక్కల ఈకలూ బాగా పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, ఎగరబోతే ఇటుకలా పడుతుంది, ఛాతీ కింద పాత దెబ్బ మచ్చ అందుకే. పారిపోలేని పక్షి కరవక ఏం చేస్తుంది.

తిండి ఒక్కసారిగా మార్చలేదు. గింజలు మెల్లగా తగ్గిస్తూ పెల్లెట్లు, మునగాకు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, క్యాప్సికమ్, పచ్చిమిర్చి. (మిర్చి ఘాటు పక్షులకి తెలీదు, అమ్మగారు మాత్రం "అయ్యో నోరు మండది?" అని పక్కన నీళ్ళు పెట్టేది.) చాయ్ బంద్, చాక్లెట్, అవకాడో అసలే వద్దు. కిచెన్‌లో గ్యాస్ స్టవ్ మీద వాడే నాన్‌స్టిక్ పెనాలు మాన్పించా, ఆ కోటింగ్ మాడితే వచ్చే పొగకి చిలకలు నిమిషాల్లో చనిపోతాయి. శుక్రవారం సాంబ్రాణి విషయంలో అమ్మగారితో కాస్త బేరం నడిచింది, చివరికి పూజగది తలుపేసి కిటికీ తెరిచి వేస్తానని ఒప్పుకుంది.

గద్దలు

ఒళ్ళు సంగతి తేలాక "పొద్దున అందరూ వెళ్ళాక" దగ్గరికొచ్చా. బాబుని ఒక పాత ఫోన్ పంజరం ఎదురుగా పెట్టి రికార్డ్ చేయమన్నా, గుర్రుమన్నప్పుడల్లా టైము రాయమన్నా. బాబు నీట్‌గా రాశాడు. చూస్తే గొడవంతా పదీ పదకొండు నుంచి మధ్యాహ్నం దాకా కుప్పపడి ఉంది, సాయంత్రం ఇల్లంతా జనం ఉన్నప్పుడు అందులో సగం కూడా లేదు. మేడమే కారణమైతే ఆమె రాత్రి తిండి పెట్టినప్పుడు కూడా అదే చేయాలి కదా.

వీడియోలో మేడమ్ ఇంకా కిచెన్‌లోనే ఉంది, ఫ్రేములో లేనే లేదు. మిట్టు అప్పటికే తల పక్కకి వాల్చి ఒక కన్ను పైకి పెట్టి బిగుసుకుపోయి ఉంది. చిలక కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, నెత్తి మీద ఉన్నదాన్ని చూడాలంటే అలా తల వాల్చాల్సిందే. బాబుని ఫోన్ బాల్కనీ వైపు తిప్పమన్నా. గద్దలు. ఎండ ఎక్కి గాలి వేడెక్కగానే మన ఊరి నల్లగద్దలు ఆ వేడిగాలి పట్టుకుని రెక్క ఆడించకుండా చక్కర్లు కొడతాయి కదా, వీళ్ళ సందు చివర చికెన్ షాపుంది, ఆ టైముకి వ్యర్థాలు బయటపడతాయి, ఇక గద్దలన్నీ ఈ బిల్డింగ్ ఎత్తులోనే. గ్లాస్ డోర్ పక్కన, పావురాల నెట్‌కి రెండు గజాల్లో, రెక్కలు కత్తిరించిన చిలక. గంటకి పైగా నెత్తిన గద్ద తిరుగుతుంటే చూస్తూ ఉన్న పక్షి దగ్గరికి మేడమ్ గిన్నె పట్టుకుని వెళ్తుంది, అప్పటికే గొంతుదాకా ఉన్న భయం ఆమె మీద పడుతుంది. పడనిది మేడమ్ అంటే కాదు, ఆ టైములో పంజరం దగ్గరికి వెళ్ళేది ఆమె ఒక్కతే కాబట్టి పేరు ఆమెకొచ్చింది.

పంజరాన్ని హాలు లోపలి మూలకి జరిపించా, రెండు వైపులా గోడ, మూడో వైపు సగం దాకా గుడ్డ, పంజరం కూడా గుండ్రంది తీసేసి వెడల్పాటి చతురస్రం. అది కనపడని చోట దాక్కోగలగాలి. ఎండ మాత్రం మానలేం, కాల్షియం ఒంటికి పట్టాలంటే ఎండ కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో పనికొచ్చే భాగం ఉండదు. కాబట్టి పొద్దున్నే, గద్దలు లేవకముందు, పైన అట్ట కప్పి యుటిలిటీ బాల్కనీలో కాసేపు. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి, టీవీ సౌండ్ లేకుండా.

ఈ ఒక్క మార్పుతో పగటి గుర్రు బాగా తగ్గింది, చేయి అంటే భయం మాత్రం అలాగే ఉంది.

కర్రతో కుదరలేదు

సాధారణంగా నేను టార్గెట్ ట్రైనింగ్‌తో మొదలుపెడతా. ఒక చాప్‌స్టిక్ చివర ముక్కుతో తాకితే ఇష్టమైన తిండి, అలా కర్ర ఎటు వెళ్తే పక్షి అటు. చాలా చిలకలతో రెండు మూడు రోజుల్లోనే పట్టు దొరుకుతుంది. మిట్టు చాప్‌స్టిక్ చూడగానే చువ్వలకి అతుక్కుపోయింది. పొట్టి పుల్ల, దూరం నుంచి, పంజరం బయట నేల మీద పెట్టి చూశాం, అదే వరస. పాత ఇంట్లో కర్రతో బెదిరించారేమో, కాదేమో, అది తవ్వి లాభం లేదు. కర్ర మీద భయం పోగొట్టి, ఆ తర్వాత కర్రతో చేతి భయం పోగొట్టడం అంటే రెండు పనులు. ఆపేశా.

ఆపి ఆలోచిస్తే తట్టింది, కర్రైనా చేయైనా గ్లవ్వైనా ఒక వస్తువు పక్షి మీదికి వస్తోంది. రావాల్సింది పక్షి. అందుకని పంజరం తలుపు పక్కన ఒక కొమ్మ, దాని పక్కన బయటి నుంచి వేయగలిగే చిన్న స్టీల్ గిన్నె బిగించాం. పిస్తా అందులోనే పడుతుంది, ఇంకెక్కడా దొరకదు. పిస్తా ఎలా తెలిసిందంటే, నాలుగైదు రకాలు ఒకే పళ్ళెంలో పెట్టి దేన్ని ముందు ఏరుకుంటుందో బాబు చూశాడు, దానిమ్మ కూడా వదిలేసి ఉప్పులేని పిస్తా తీసుకుంది. మిగతా తిండి గిన్నెల నిండా ఉంటుంది, ఆకలితో బేరం లేదు, పిస్తా ఒక్కటే ఆ కొమ్మ దగ్గర.

మేడమ్ ఏం చేస్తోంది?

ఇప్పుడు అసలు విషయం. పిస్తా వేయడం నలుగురికీ చెప్పా. వారం తర్వాత వీడియోలు చూస్తే సార్ వేసినప్పుడు మిట్టు ఆయన వెళ్ళాక చాలాసేపటికి కానీ కొమ్మ మీదికి రావట్లేదు, మేడమ్ వేస్తే ఆమె ఇంకా హాలు దాటకముందే వచ్చేస్తోంది. సార్ నొచ్చుకున్నాడు, "నేను రోజూ అంతసేపు దాంతో మాట్లాడుతున్నా సార్."

అదే కదా తేడా. సార్ పిస్తా వేసి అక్కడే నిలబడి, మొహం చువ్వల దగ్గర పెట్టి, "తిను నాన్నా, తిను మిట్టూ" అని బతిమాలతాడు. మేడమ్‌కి భయం, వేసి ఠక్కున వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. నేను ఆమె వీడియో నెమ్మదిగా తిప్పి చూశా. పిస్తా గిన్నెలో టంగుమని పడ్డప్పుడు మిట్టు ఈకలు ఇంకా ఒంటికి అంటుకునే ఉన్నాయి. ఆమె వీపు తిప్పిన క్షణంలో మెడ దగ్గర ఈకలు వదులయ్యాయి, ఒళ్ళంతా ఒకసారి దులుపుకుంది, తర్వాతే కొమ్మ వైపు అడుగేసింది. అప్పులవాడు గేటు దాకా వచ్చి అటే తిరిగి వెళ్ళిపోతే మనకి ఎంత హాయిగా ఉంటుందో అదీ ఆ దులుపు. భయపడే పక్షికి ఆ క్షణంలో అన్నిటికన్నా కావాల్సింది పిస్తా కాదు, మనిషి దూరం కావడం. మేడమ్ తెలీకుండానే రెండూ ఇస్తోంది, సార్ ఒకటి ఇచ్చి రెండోది పట్టుకుని కూర్చున్నాడు.

కాబట్టి మేడమ్ తెలీకుండా చేస్తున్నదాన్నే తెలిసి చేయడం ప్లాన్ అయింది. హాల్లో రెండడుగుల టైల్స్ ఉన్నాయి, అవే కొలబద్ద. ఒక్కో టైలూ దాటి పంజరం వైపు నడవాలి, మిట్టు ఏదన్నా చిన్న మార్పు చూపిస్తే, అంటే నమలడం ఆపినా, ఈక బిగించినా, మెడ పొడుగు చేసినా, అక్కడే ఆగాలి. కదలకుండా, మొహం కాస్త పక్కకి తిప్పి. ఈకలు వదులవ్వడమో, దులుపుకోవడమో, కన్నార్పడమో, ఏదో ఒక చిన్న సడలింపు కనబడగానే వెనక్కి తిరిగి వచ్చేయాలి. సడలింపుకి జీతం మనం వెళ్ళిపోవడం.

ఇక్కడ చాలామంది అడిగేది సార్ కూడా అడిగాడు: వెనక్కి వెళ్తే అది నెత్తికెక్కదా? గుర్రుమన్నప్పుడు వెళ్ళిపోతే నిజంగానే ఎక్కుతుంది, గుర్రు పనిచేసిందని నేర్చుకుంటుంది. అందుకే గుర్రు దాకా పోకుండానే ఆగాలి. పొరపాటున గుర్రుమంటే ముందుకీ వెళ్ళొద్దు, పరుగూ తీయొద్దు, నిలబడి, గొంతు ఆగి ఈక కొంచెం వదిలాక అప్పుడు వెళ్ళాలి, మర్నాడు ఒక టైల్ ముందే ఆగాలి. ఎప్పుడు వెళ్ళిపోతున్నామన్నదే మొత్తం ట్రైనింగ్.

మేడమ్‌కి ఇది బాగా కుదరడానికి ఇంకో కారణం ఆమె భయమే. పక్షి ఎప్పుడు కరుస్తుందా అని కళ్ళప్పగించి చూస్తుంది కాబట్టి ఈక బిగిస్తే ఆమెకే ముందు కనబడుతుంది. సార్‌కి ప్రేమ ఎక్కువై ఏదీ కనబడదు. ఆమెకి ఈ పని ఇష్టంగా చేయమని నేనేం చెప్పలేదు, రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారీ నిమిషం లోపు, కుక్కర్ పెట్టేసి వచ్చి చేసేయమన్నా.

కొన్ని వారాలకి ఆమె పంజరం ఆనుకుని నిలబడినా మిట్టు పిస్తా ఒలుచుకుంటూనే ఉంది. ఒకరోజు ఆమె వెనక్కి తిరగగానే కొమ్మ మీద నుంచి చిన్న విజిల్ వేసింది, ఆమె భయపడి ఆగింది, మళ్ళీ విజిల్. వెళ్తున్న మనిషిని పిలిచింది. ఫోన్ చేసి మేడమ్ అడిగింది, "ఇప్పుడు నేను పోవాలెనా, ఉండాలెనా?" ఉండమన్నా. ఆ రోజు నుంచి దూరం అవసరం తగ్గుతోందని లెక్క, ఇక పక్షి అడిగితేనే ఉండటం.

తలుపు తెరవడం

తలుపు ఎప్పుడు తెరవాలన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. బాబుకి భయం, కరుస్తుందనీ పారిపోతుందనీ. అమ్మగారు ఊరుకోలేదు: "రామదాసు పోయిన జన్మల చిలకను పంజరంల పెట్టిండనే గోలకొండ జైల్ల పన్నెండేండ్లు ఉండె బిడ్డా, మనకెందుకు ఆ పాపం." నేను వాళ్ళిద్దరి మధ్యలో దూరలేదు కానీ చిలక కూడా అమ్మగారి పార్టీయే. గ్లాస్ డోర్ మూసి, పరదా వేసి, ఫ్యాన్ ఆపి, స్టవ్ ఆపి, కింద పాత బొంత పరిచి తలుపు తెరిచి వదిలేయమన్నా. బయటికి తీయొద్దు, రమ్మని పిలవొద్దు.

మొదట చాలాసేపు గడప మీదే కూర్చుంది. తర్వాత పైకెక్కి పంజరం నెత్తిన కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ పిస్తా మేడమ్ ముంజేయి అవతలి వైపు పెట్టాం. చేయి చాపదు, వేళ్ళు ముడుచుకుని, పొడుగు చేతుల కుర్తాతో ముంజేయిని పంజరం మీద ఆనించి ఉంచుతుంది అంతే. అరచేతిని కావాలనే వాడలేదు, దానికి భయం అరచేతి మీద, వేళ్ళ మీద, ముంజేయి గురించి దానికి ఏ పాత లెక్కా లేదు. మొదట ఒక కాలు పెట్టి తీసేసింది. ముక్కుతో గుడ్డని అదిమి చూసింది, చిలకలు కొమ్మ గట్టిదో కాదో అలాగే చూసుకుంటాయి, అది కరవడం కాదు, ఈ ముక్క ముందే చెప్పి ఉంచడం వల్ల మేడమ్ చేయి లాక్కోలేదు. లాక్కుని ఉంటే కొన్ని వారాల పని పోయేది.

సంక్రాంతి

అంతా బాగుందనుకునే టైముకి జనవరి వచ్చింది. హైదరాబాద్‌లో సంక్రాంతంటే టెర్రస్‌లన్నీ పతంగులే. ఒక తెగిన పతంగి వచ్చి పావురాల నెట్‌కి చిక్కుకుని గాలికి కొట్టుకుంది, పరదా కాస్త తెరిచి ఉంది, మిట్టుకి అది గద్దే. పంజరంలో ఎంత కొట్టుకుందంటే కొత్తగా వస్తున్న రెక్క ఈక ఒకటి విరిగి రక్తం కారింది. అలా రక్తంతో నిండి ఉన్న ఈక విరిగితే కారుతూనే ఉంటుంది, మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టుకోమని ఫోన్లో చెప్పా. నొక్కాలంటే టవల్‌తో పట్టుకోవాలి. ఎవరు పట్టుకోవాలి? మేడమ్ వద్దు, సార్ పట్టుకోండన్నా. ఆయన ఖాతాలో పోయేదేమీ పెద్దగా లేదు, ఆమె ఖాతా కాపాడుకోవాలి. ఈ మాట ఆయనతో చెప్పడం కష్టమే, కానీ అర్థం చేసుకున్నాడు.

తర్వాత మళ్ళీ మొదటి టైల్ నుంచి మొదలుపెట్టలేదు. భయపడ్డ పక్షిని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అదే చెబుతుంది: ఏ దూరంలో మనిషి ఉంటే తింటుందో అక్కడి నుంచి. మేడమ్‌కి అది మూడు టైల్స్ వెనక, అంతే. సార్‌కి హాలు గడప. వారం పది రోజుల్లో మేడమ్‌తో పాత చోటికి వచ్చేసింది.

కొన్ని మాటలు, ఇలాంటి కేసులు చూసేవాళ్ళకి

"ఈ మనిషంటే పడదు" అని ఇంటివాళ్ళు చెబితే మనిషిని వదిలేసి గడియారం అడగండి, ఆ టైములో కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అడగండి. పై అంతస్తు ఫ్లాట్లలో పెరిగే పక్షులకి మన ఊర్లో గద్దలు చిన్న విషయం కాదు, ఇంటివాళ్ళకి అవి కనపడవు, అలవాటైపోయి. నేను ఇప్పుడు ప్రతి కేసులో పంజరం ఎత్తు నుంచి బయటికి ఫోటో తీసి పంపమంటున్నా.

ఇంట్లో పక్షిని ఎక్కువ ప్రేమించే మనిషిని మొదటి ట్రైనర్‌గా పెట్టుకోవాల్సిన పని లేదు. ఆగగలిగే మనిషి కావాలి. అలాగని భయమున్నవాళ్ళని బలవంతంగా దింపొద్దు, మేడమ్ తనంతట తను చేస్తోంది కాబట్టి సరిపోయింది. ఇక కరవడం గురించి: గుర్రుమన్నందుకు పక్షిని తిట్టి, దుప్పటి కప్పి ఆ గుర్రు మాన్పిస్తే భయం పోదు, ముందస్తు హెచ్చరిక పోతుంది. హెచ్చరించకుండా కరిచే చిలకలు నా దగ్గరికి వచ్చేది ఇలాంటి ఇళ్ళ నుంచే.

ఇప్పుడెలా ఉంది

బరువు 430 గ్రాముల దగ్గర నిలబడింది, వారానికోసారి కిచెన్ త్రాసు మీద తనే ఎక్కుతుంది, పిస్తా ఉంటే. కాల్షియం రెండోసారి చూస్తే మధ్య రేంజికి వచ్చింది. ఛాతీ ఈకలు కొంత వచ్చాయి, కొంత కొరుకుడు ఉంది, ఈ అలవాటు పూర్తిగా పోతుందని వాళ్ళకి మాటివ్వలేదు. పగలు హాల్లో మనుషులుండగానే మాట్లాడుతోంది, ఎక్కువగా కుక్కర్ విజిల్, ఈ మధ్య మేడమ్ గొంతుతో "పోవాలెనా" అని. ముంజేయి మీద ఎక్కి సోఫా దాకా వస్తుంది, ఆమె తల నిమరనిస్తుంది, తల వరకే, వీపు మీద చేయి వేయొద్దని చెప్పా, చిలకలకి అక్కడ నిమిరితే జత కట్టే సంకేతం, అది వేరే తలనొప్పి తెస్తుంది.

సార్ దగ్గర ఇంకా ఎక్కదు. ఆయన కొమ్మ దగ్గర పిస్తా వేసి, వీపు తిప్పి, నడిచి వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు, ప్రస్తుతం పంజరానికి రెండు టైల్స్ దూరంలో ఆగుతున్నాడు. రెక్కలు ఇక కత్తిరించొద్దన్నా, పాత ఈకలు రాలి కొత్తవి పూర్తిగా రావడానికి ఇంకా టైముంది, అవొచ్చాక బెడ్‌రూమ్ తలుపులేసి చిన్న దూరాలు ఎగిరి రావడం మొదలుపెడతాం, ఆ పని మాత్రం బాబు తను చేస్తానంటున్నాడు.